పంటి మీద గీత

"రిపేరుకి పంపాను," అన్నాడు భర్త, పేపరులోంచి తల ఎత్తకుండా.

ఆమె ఇంకా మెట్ల మీదే ఉంది. కింద, కట్టుడు పళ్ళు చేసే ల్యాబులో, ఉత్తరపు కిటికీ పక్కనున్న బల్ల మీద, నిన్నటిదాకా ఫర్నేస్ కూర్చున్న చోట ఇప్పుడొక నలుచదరపు ఖాళీ ఉంది. చుట్టూ ప్లాస్టరు దుమ్ము తెల్లగా పేరుకుని ఉండగా ఆ మేరకు మాత్రం చెక్క నల్లగా, నిన్నగాక మొన్న కొన్నట్టు మెరుస్తోంది. ఆ ఖాళీని చూసి పైకి వచ్చి, దాన్ని ఏమని అడగాలో తెలియక, "పొయ్యేదండీ?" అని మాత్రం అడిగింది. ఇంట్లో అందరూ ఫర్నేస్‌ని పొయ్యి అనే పిలుస్తారు. వండేది పళ్ళే కాబట్టి ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండదు.

"నిన్న సాయంత్రం బాగానే పనిచేసింది."

"నీకు బాగానే ఉంటుంది. కరెంటు బిల్లు కట్టేది నువ్వు కాదుగా."

"ఏ షాపుకి పంపారు?"

"పంపానన్నాను కదా."

"ఏ షాపుకి అని అడుగుతున్నాను."

"ఏం, వెళ్ళి పరామర్శిస్తావా? వెళ్ళేటప్పుడు పళ్ళు పట్టుకెళ్ళు. మనకి కరువేముంది."

ఇంకో రోజైతే ఆ మాటకు ఆమె నవ్వేది. అతని హాస్యం ఎన్నడూ చెడ్డది కాదు. అది వచ్చే వేళే ఈమధ్య మారిపోయింది.

అత్తగారు బల్ల దగ్గర కూర్చుని రొట్టెముక్కను పాలలో ముంచుతున్నారు. కొడుకునీ కోడల్నీ ఒకసారి మార్చి మార్చి చూశారు.

"రేపు వాటాల కోసం వచ్చేవాడు ల్యాబు ఒక్కదానికేనా విలువ కట్టేది?" అన్నారు. "నా నోట్లోవి కూడా కట్టమనండి. పై వరస కోడలికి, కింది వరస కొడుక్కి. నేను పాలు తాగి బతుకుతాను."

అని, ఎప్పుడూ చేసే పనే చేశారు. కట్టుడు పళ్ళు రెండు వరసలూ తీసి స్టీలు గిన్నెలో వేసి మూత పెట్టారు. ఆ ఇంట్లో గొడవ మొదలైతే ఆవిడ అందులోంచి తప్పుకునే పద్ధతి అది. పళ్ళు లేని మనిషిని సాక్ష్యం అడగరు. అడిగినా, "అవ్వవ్వ" అని చెయ్యి ఊపితే సరిపోతుంది.

"రేపు ఆయన వచ్చేసరికి పొయ్యి లేకపోతే ల్యాబులో ఏముంటుందండీ?" అంది ఆమె.

"ఎందుకు లేదూ? నాలుగు కుర్చీలు, రెండు బల్లలు, ఓ బస్తా ప్లాస్టరు. సగం నీది, సగం నాది. కుర్చీలు నువ్వే తీసుకో. నాకు ఎలాగూ నడుం నొప్పి."

"గళ్ళచొక్కా డాక్టరుకి రేపు పొద్దున్నే పన్ను ఇవ్వాలి. చివరి కాల్పు ఒక్కటే మిగిలింది."

"నీకు ఒంట్లో బాలేదని చెప్తాలే. నాకు అలవాటైపోయింది."

అలవాటైపోయిందన్న సంగతి ఆమెకూ తెలుసు. రెండు నెలలుగా ఒక్కొక్క డాక్టరుకీ ఆమె ఒంట్లో బాగుండటం లేదు. ఒకరికి కళ్ళు, ఒకరికి నడుము, ఒకరికి మనసు. ఆ రోగాలన్నీ అతను అంటగడుతున్నాడు, పనులన్నీ వేరే ల్యాబులకు పోతున్నాయి. విడిపోదామన్న మాట ఇద్దరి నోటా వచ్చాక, అది లాయర్ల చేతికి వెళ్ళాక, ల్యాబు విలువ ఎంత తగ్గితే తను ఇవ్వవలసిన సగం అంత తగ్గుతుందని అతను లెక్క వేసుకున్నాడు. ఆమె సగం ఎంత తగ్గితే తన సగమూ అంతే తగ్గుతుందన్న లెక్క అతనికి రాదని కాదు. వచ్చినా ఆగలేకపోయాడు.

"మీరే కష్టపడి తెచ్చిన డాక్టర్లండీ వాళ్ళు," అంది.

అతను పేపరు మడిచాడు. చెప్పుల కోసం వెతుక్కుని మెట్లు దిగిపోయాడు.

స్టీలు గిన్నె మీద మూత సరిగా పడలేదు. ఆమె దాన్ని సర్ది, ఖాళీ పాలగిన్నె తీసి కడిగింది.

*

"ఖాళీని ఫొటో తీశారా?" అని అడిగింది లాయరమ్మ.

"తీశాను."

"మంచిపని చేశారు. ఉన్నదాన్ని అందరూ తీస్తారు."

ఆ గది చెప్పుల దుకాణం పైన ఉంది. కింది నుంచి కొత్త తోలు వాసన మెట్లెక్కి వచ్చి ఫైళ్ళకు పట్టుకుంది. లాయరమ్మ వయసులో ఆమెకంటే పెద్దది. మాట్లాడుతూ పెన్సిళ్ళు చెక్కుతుంది. చెక్కిన పెన్సిలుతో ఆవిడ ఏదైనా రాయడం ఆమె ఇంతవరకు చూడలేదు.

"మొదటి రోజే మూడు మాటలు చెప్పాను మీకు. ఏదీ దాచొద్దు. ఏదీ అమ్మొద్దు. ఏదీ ఇల్లు దాటించొద్దు. ఆయన చేశాడు కదా అని మీరూ చేస్తే ఇద్దరూ ఒకే బోనులో నిలబడతారు. నాకు మిమ్మల్ని పక్కకి లాగే వీలుండదు."

"నేనేం దాటించలేదండీ."

"అమ్మా, ల్యాబు ఎవరి పేరు మీద ఉందన్నదొక్కటే చూడరు. ఎవరి చేత్తో పెరిగిందో కూడా చూస్తారు. మీ చేతులతో పెరిగిందని మనం చెప్తున్నాం. మన బలమంతా అక్కడే ఉంది." ఆగి, పెన్సిలు ముక్కు ఊదింది. "అందుకే ఆయన కూడా దెబ్బ అక్కడే కొట్టాడు."

సొరుగులోంచి చిన్న ప్లాస్టిక్ డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. ముత్యాల కమ్మలు పెట్టుకునే డబ్బాలా ఉంది. లోపల దూది మీద మూడు ముందుపళ్ళు.

"ఆయన లాయరు పంపించాడు. డాక్టర్లు తిప్పి పంపినవట. ల్యాబు పడిపోయింది తన వల్ల కాదు, మీ పని వల్లేనని వాదన. మీవేనా ఇవి?"

ఆమె వాటిని ముట్టుకోలేదు. ముట్టుకోనక్కర్లేదు.

మూడూ తెల్లగా, నున్నగా, నిర్దోషంగా ఉన్నాయి. తెలియనివాళ్ళు చూస్తే ఎంత బాగున్నాయో అంటారు. తెలిసినవాళ్ళకు అవి సుద్దముక్కలు. బతికిన పన్ను అలా ఉండదు. చిగురు దగ్గర పసుపు కమ్మి, అంచుకు వచ్చేసరికి పలచబడి, లోపలి చీకటి కాస్త బయటికి కనిపిస్తుంది. మనిషి కొరికినవీ, పళ్ళు బిగబట్టి దిగమింగినవీ దాని మీద ఎక్కడో ఒక గీతగా మిగులుతాయి. పక్క పంటి మీద ఉన్న ఆ వెంట్రుకవాసి పగులును కొత్త పంటి మీద కుంచెతో గీస్తే తప్ప అది ఆ నోటిదైపోదు. ఆమె విద్య అంతా ఆ గీతలో ఉంది. దోషం పెట్టడానికే డాక్టర్లు ఆమెను వెతుక్కుంటూ వచ్చేవారు.

ఈ మూడింటికీ ఆమె దోషం పెట్టలేదు.

సలహా అక్కది. కోర్టు మెట్లెక్కి దిగిన మనిషి. "పని మానకు, మానితే తప్పు నీదవుతుంది. చెయ్యి. కానీ ప్రాణం పెట్టకు. నువ్వు లేకపోతే ఆ ల్యాబు ఏపాటిదో అప్పుడు గానీ వాళ్ళకి తెలీదు," అంది. అప్పుడా మాట న్యాయంగానే తోచింది. తన విలువ తెలియజెప్పుకోవడంలో తప్పేముంది అనుకుంది. ఒక్కొక్క పన్నూ కాల్చి తీసి, గీత పెట్టకుండా పక్కన పెడుతున్నప్పుడు, ఆ పన్ను ఎవరో ఒకరి నోట్లోకి వెళుతుందన్నది మాత్రం అనుకోలేదు. అనుకుని ఉంటే చేయగలిగేది కాదు. అందుకే అనుకోలేదేమో.

"ఇవి..." అంది.

లాయరమ్మ అరచెయ్యి అడ్డం పెట్టింది.

"ఇప్పుడే చెప్పకండి. ఒకసారి చెప్పాక నేను విననట్టు నటించలేను. చేయి పట్టు తప్పడం వేరు, కావాలని చెడగొట్టడం వేరు. పట్టు తప్పితే ఎవరూ ఏమీ అనరు, మనుషులన్నాక అలసిపోతారు. కావాలని చేశారంటే పోయినంతా మీ వాటాలోంచే కోస్తారు. ఆయన పొయ్యి మాయం చేశాడని మనం అరిచే అరుపు కూడా ఎవరూ వినరు."

"ఆయన డాక్టర్లని పోగొట్టాడండీ. ఫోన్లు చేసి మరీ."

"కాదన్నానా? కొమ్మకి అటు ఆయన, ఇటు మీరు. రంపం ఒకటే." పెన్సిలు పొట్టును అరచేతిలోకి ఎత్తి బుట్టలో వేసింది. "రేపు విలువ కట్టేవాడు వచ్చేలోపు ఇవి మీవో కాదో, ఎందుకిలా ఉన్నాయో నాకు చెప్పండి. నిజమే చెప్పండి. నేను దాన్ని ఎలా నిలబెట్టాలో చూస్తాను. అబద్ధమైతే నాకు చేతకాదు."

డబ్బా మూత మూసేటప్పుడు క్లిక్కుమని చప్పుడైంది. నోరు మూసుకున్నట్టే ఉందని ఆమెకు అనిపించింది.

*

బస్సు కోసం నిలబడి అక్కకు ఫోన్ చేసింది.

"అయితే ఏం కొంప మునిగిందే చిన్నీ? చెయ్యి వణుకుతోంది, కళ్ళు ఆనట్లేదు అని చెప్పెయ్. ఎవడొచ్చి పరీక్ష పెడతాడు?"

"ఇన్నేళ్ళ పని అక్కా."

"పనినెవరు ఎత్తుకెళ్తారే? ముందు వాటా చేతికి రానీ. తర్వాత చేసుకో నీ గీతలు, ముగ్గులు."

"ఇవాళ ఒక పన్ను పూర్తి చెయ్యాలి. గళ్ళచొక్కా డాక్టరుది. ఇది కూడా అలాగే ఉంటే ఇక పంపనన్నాడు."

"పంపకపోతే పోయాడు."

"మిగిలింది ఆయనొక్కడే. ఆయనా పోతే ఇక సగం దేంట్లో?"

అక్క వెనకాల కుక్కర్ కూత వినిపించింది.

"మరి బాగా చేస్తే?"

"బాగా చేస్తే, నిన్నటిదాకా వణికిన చెయ్యి ఇవాళ ఎలా కుదిరిందని అడుగుతారు."

"అదే కదా నేను చెప్పేది. చెయ్యకే తల్లీ. ఊరుకో. ఊరుకోవడం కూడా రాదా నీకు? పెళ్ళప్పట్నుంచీ అంతే నువ్వు. చేతికి పని దొరికితే చాలు, చేసేస్తావు."

బస్సు వచ్చింది. కూర్చోవడానికి చోటు దొరికింది కానీ, కూర్చున్నాక కూడా కాళ్ళు నిలబడే ఉన్నట్టున్నాయి.

వాటా అంటే ఏమిటని ఆమె ఆలోచించింది. అదొక వస్తువనీ, ఎక్కడో భద్రంగా ఉంటే కత్తితో కోసి పంచుతారనీ ఇన్నాళ్ళూ అనుకుంది. దాన్ని కాపాడుకోవడమంటే కోసేదాకా దాని మీద చెయ్యి వేసి ఉంచడమనుకుంది. కానీ తనది అలాంటిది కాదు. రోజూ చేస్తేనే ఉంటుంది. చేయని రోజున దాచుకున్నా ఉండదు. అతను దాచినా ఉండదు. ఇద్దరూ దాచుకుంటూ పోయారు. దాచినకొద్దీ అది తరిగిపోయింది.

అలా అనుకోవడం వల్ల ఏమీ తేలిక కాలేదు. అద్దెకు ఒక గది కావాలన్నా, ఒక బల్ల, ఒక పొయ్యి పెట్టుకుని విడిగా బతకాలన్నా ఆ సగం కావాలి. వేదాంతం అడ్వాన్సుగా తీసుకునే ఇంటి ఓనరు ఆమెకు ఇంతవరకు తగల్లేదు.

*

ఇంటికి వచ్చేసరికి అతను లేడు. అత్తగారు మంచం మీద కాకుండా, గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నారు. పళ్ళు ఇంకా గిన్నెలోనే.

"నడుం వాల్చలేదేం అత్తయ్యా?"

ఆవిడ గదిలోకి చెయ్యి చూపించారు. బోసినోటితో ఏదో అన్నారు. కోడలికి మొదట అర్థం కాలేదు. మళ్ళీ అన్నారు.

"ఎలక."

"ఎలకా?"

"మంచం కింద. పొద్దుట్నుంచీ. చూడమ్మాయ్."

ఆ గదిలో ఎలకలు లేవు. దుప్పటి మాత్రం ఎప్పుడూ లేనిది నేల దాకా వేలాడుతోంది. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని దాన్ని ఎత్తింది.

మంచం కింద, పాత రగ్గు చుట్టుకుని, ముసుగుతన్ని పడుకున్న పసివాడిలా పొయ్యి ఉంది. ఒక పక్క రగ్గు జారి మీటర్ల అద్దం కనబడుతోంది. అతను దాన్ని ఏ షాపుకీ పంపలేదు. ఇల్లు దాటించలేదు. మోసి, మెట్లెక్కించి, తల్లి మంచం కింద పెట్టాడు. పెద్దావిడ మంచం కింద ఎవరు వెతుకుతారు?

నడుం నొప్పన్న మాట నిజమే అయి ఉంటుందని ఆమెకు అప్పుడు తోచింది.

"ఎలకేనా?" అన్నారు అత్తగారు, కిటికీలోంచి బయటికి చూస్తూ.

"ఎలకే అత్తయ్యా. పెద్దదే."

"నేను చూళ్ళేదు. నాకు కనపడదు కూడా."

"మీరు చూళ్ళేదు."

అక్కడే నేల మీద కాసేపు కూర్చుంది. ఏదీ ఇల్లు దాటించొద్దు అంది లాయరమ్మ. ఇది ఇల్లు దాటలేదు. ఏదీ దాచొద్దు అంది. దాచింది తను కాదు. ఇక చేయవలసింది ఒక ఫొటో తీసి, దుప్పటి మళ్ళీ దించి, రేపు ఆ వచ్చేవాడి చేతే ఎత్తించడం. న్యాయం తన పక్షాన ఉందని అప్పుడు అందరూ చూస్తారు. చూసి, ఆ మూడు పళ్ళను కూడా చూస్తారు.

ఫొటో తీసింది. తర్వాత కిందికి వెళ్ళి చివరి కాల్పు మిగిలిన ఆ పన్ను తెచ్చింది.

గళ్ళచొక్కా డాక్టరు పంపిన అచ్చు ఒక ట్యూషన్ మాస్టారిది. ముందుపన్ను విరిగింది. పళ్ళు కనబడతాయని నోటికి పుస్తకం అడ్డం పెట్టుకుని పాఠం చెప్తున్నాడని డాక్టరు ఫోన్లో చెప్పాడు. పక్క పంటి ఫొటోలో నిలువునా ఒక సన్నని గీత ఉంది, టీ రంగులో, సగం దాకా వచ్చి ఆగిపోయింది.

పొయ్యిని మంచం కిందనుంచి నేల మీదికి లాగడానికే ఊపిరి అయిపోయింది. అత్తగారు కుర్చీలోంచి కాలు చాపి మంచం కోడును అటు తన్ని పట్టుకున్నారు. సాయం చేసినట్టు కాదు, కాలు తిమ్మిరెక్కి చాపుకున్నట్టు. ప్లగ్గు గోడకు పెడితే ఎర్రదీపం వెలిగింది. పొయ్యి కాగుతుండగా ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది. పంటి రంగు దీపం వెలుగులో తేలదు. పగటి వెలుతురే కావాలి. ఇంకా కొంచెం మిగిలి ఉంది.

కుంచె తడిపి, కొనను పెదాల మధ్య సన్నంగా లాగింది. గాజుపలక మీద గోధుమరంగు చుక్క.

ఇక్కడిదాకా వచ్చాక చెయ్యి ఆగింది.

గీయకపోతే మాస్టారు నోటికి పుస్తకం అడ్డం తీయడు. గీస్తే ఈ చెయ్యి వణకలేదని అందరికీ తెలుస్తుంది. గీతలేని ఆ మూడు పళ్ళ పక్కన ఈ ఒక్కదాన్ని పెడితే చాలు, ఎవరూ వాదించనక్కర్లేదు. తన చేత్తో తను రాసిచ్చిన ఒప్పుకోలు అవుతుంది. విడిగా బతకడానికి ఆమె దగ్గర ఉన్నవి రెండే: ఈ చెయ్యి, ఆ సగం. ఒకదాన్ని దక్కించుకోవడానికి ఇంకోదాన్ని దాచమంటున్నారు.

అత్తగారి గిన్నె కిటికీ గట్టు మీద ఉంది. మూత తీసి ఉంది. నీళ్ళలో రెండు వరసల పళ్ళు. ఎడమవైపు కోరపన్ను పక్కదాని మీదికి కాస్త ఎక్కి ఉంటుంది. అవి చేసిన రోజుల్లో అత్తగారు అద్దంలో చూసుకుని, "ఇదేంటమ్మాయ్, కొత్తవి చేస్తూ వంకర పెట్టావు?" అన్నారు. ఆవిడ వయసులో ఉన్నప్పటి ఫొటోలో చూసి అలా పెట్టింది ఆమె. అద్దం దించకుండా ఆవిడ చాలాసేపు చూసుకున్నారు. మరుసటి రోజు నుంచి పక్కింటివాళ్ళతో, "ఇవి నా పళ్ళే," అని చెప్పుకున్నారు.

ఆమె గీత గీసింది.

ఒక్క ఊపు. పై నుంచి కిందికి, సగం దాకా వచ్చి ఆగిపోయింది.

పొయ్యి తలుపు మూశాక చేయవలసిందేమీ లేదు. ఇద్దరూ దాని హోరు వింటూ కూర్చున్నారు. తలుపు తెరిచినప్పుడు పన్ను నారింజరంగు నిప్పుకణంలా ఉంది. చూస్తుండగానే ఎరుపు తగ్గి, పసుపై, తెల్లబడి, చివరికి ఒక మనిషి పన్నైంది.

అప్పుడు మెట్ల మీద అతని అడుగులు వినిపించాయి.

*

గుమ్మంలో ఆగాడు. నేల మీద పొయ్యిని, విప్పి పడేసిన రగ్గును, కుర్చీలో తల్లిని చూశాడు.

"దొరికిందా?"

"గదిలో ఎలక ఉందంటే వెతికానండీ."

తల్లి బోసినోటితో ఆవులించారు.

అతను లోపలికి వచ్చాడు. అరుస్తాడని ఆమె సిద్ధపడింది. దానికి తగ్గ మాటలు కూడా వెతుక్కుని పెట్టుకుంది. అతను అరవలేదు. పట్టకారుతో పన్నును ఎత్తి పట్టుకుని కిటికీ వైపు తిప్పాడు. ఒక కన్ను మూసి చూశాడు. అతనూ ఆ పనిలో పుట్టినవాడే.

"గీత పెట్టావు."

"పెట్టాను."

"ఆ మూడింటికీ పెట్టలేదు."

"పెట్టలేదు."

"నేననుకున్నాను. మా లాయరు నమ్మలేదు. అంత బాగున్నాయి కదా, చెడగొట్టడం ఏంటండీ అన్నాడు." మంచం అంచున కూర్చున్నాడు. "అంటే కావాలనే."

"మీరు పొయ్యి మోసుకొచ్చినంత కావాలనే."

అతను నడుం పట్టుకుని సర్దుకున్నాడు. పొయ్యి చల్లారుతూ టిక్కు టిక్కుమంటోంది.

"ల్యాబు పెట్టేటప్పుడు రోజూ కొట్టుకున్నాం," అన్నాడు చివరికి. "బల్ల ఎక్కడ పెట్టాలన్న దగ్గర కూడా. ముంచేటప్పుడు చూడు, ఒక్క మాట అనుకోకుండా ఎంత ఐకమత్యంగా ముంచామో."

ఆమెకు నవ్వు వచ్చింది. దాన్ని ఆపుకోవడానికి కూడా ఓపిక లేదు. అతనూ నవ్వాడు, నేల వైపు చూస్తూ. అంత దగ్గరగా వాళ్ళు కూర్చుని చాలా రోజులైంది. ఆ నవ్వు వాళ్ళను ఎక్కడికీ తీసుకువెళ్ళదని ఇద్దరికీ తెలుసు.

"గళ్ళచొక్కా ఆయన ఇంకా క్లినిక్‌లోనే ఉంటాడు," అన్నాడు లేస్తూ. "డబ్బాలో పెట్టి ఇవ్వు. చీకటి పడకముందే ఇచ్చేసి వస్తాను."

పన్నును ఆమె ముందు పలక మీద దించి, చెయ్యి చాచాడు.

ఆ అరచెయ్యి ఆమెకు కొత్త కాదు. చేసేది ఆమె, మోసేది అతను. ల్యాబు మొదలైన నాటి నుంచీ ప్రతి పన్నునూ దూదిలో చుట్టి, చిన్న డబ్బాలో పెట్టి, ఆ చేతిలోనే పెట్టింది. ఆ చెయ్యి దాన్ని ఎక్కడికి తీసుకువెళుతుందని ఎన్నడూ అడగలేదు.

ఇవాళ దానికి రెండు దారులున్నాయి. ఒకటి డాక్టరు దగ్గరికి. ఇంకొకటి, ఆ మూడింటి పక్కన పెట్టే నాలుగోదిగా, అతని లాయరు బల్ల మీదికి. ఆమె అతని ముఖంలోకి చూసింది. అందులో కపటం కనబడలేదు. నిజాయితీ కూడా కనబడలేదు. అలసట కనబడింది. మెట్లు దిగి వీధి మొదట్లో ఎటు తిరుగుతాడో అతనికే ఇంకా తెలియదేమో.

ఆమె దూది తీసింది. పన్నును చుట్టింది. అది ఇంకా వెచ్చగా ఉంది.

గిన్నెలో నీళ్ళు కదిలిన చప్పుడైంది.

ఇద్దరూ తిరిగి చూశారు. అత్తగారు కింది వరస పెట్టుకుని, పై వరస పెట్టుకుని, దవడ ఒకసారి అటూ ఇటూ ఆడించారు. గొడవ పూర్తిగా ముగిసేదాకా ఆవిడ పళ్ళు పెట్టుకోవడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు.

కొడుకు వైపు చూడలేదు. కోడలి చేతిలోని దూది వైపే చూస్తూ అన్నారు.

"ఇవ్వకమ్మాయ్."

ఒక్క అక్షరం కూడా జారలేదు. అతని చెయ్యి మాత్రం చాచినది చాచినట్టే ఉంది.